స్కోప్ పోయిందని తెచ్చినారు: ఒక స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కేసు, మొదటి నుంచి చివరిదాకా

తిరుపతిలో మాది సర్వే పరికరాలు రిపేరు చేసే అంగడి. ఆటో లెవెల్, థియోడలైట్, టోటల్ స్టేషన్, కాలేజీ ల్యాబుల మైక్రోస్కోపులు, అప్పుడప్పుడు బైనాక్యులర్లు, ఇదీ మా పని. రైఫిల్ స్కోపులు, అంటే గురి చూడను రైఫిల్ మీద బిగించే దుర్బీన్లు, మొదట్లో ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి, ఇప్పుడు నెలకు ఒకటన్నా వస్తా ఉంది. వచ్చినోళ్ళందరూ చెప్పే మాట ఒకటే, "అన్నా, స్కోప్ పోయింది, జీరో నిలబడటం లేదు" అని. జీరో అంటే గురి పెట్టినచోటే పెల్లెట్ పడేటట్టు స్కోప్‌ని సరిచేసుకోవడం. అందులో సగానికి పైగా స్కోప్ బాగానే ఉంటుంది, తప్పు ఇంకెక్కడో ఉంటుంది. ఈ కేసులో మాత్రం తప్పు రెండు చోట్లా ఉండింది, మొదటిది దొరగ్గానే పని అయిపోయిందని నేను ఆగిపోయినా, అందుకే మూడు నెలలు పట్టింది. అంతా రాసి పెడతా ఉండా, ఇంకొకరికి మూడు రోజుల్లో తేలాలని.

తెచ్చినాయన బంగారుపాళెం పక్క మామిడి రైతు, తోతాపురి తోట ఉంది, ఆ చెట్ల వరసల మధ్య 20 మీటర్ల దూరంలో మట్టి దిబ్బకి పేపర్ టార్గెట్ పెట్టుకుని కొడతాడు. బారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్, 4.5 మిల్లీమీటర్ల బోరు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఈ బోరులో 20 జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూసినా, 8 గ్రెయిన్ల పెల్లెట్ అంటే 0.52 గ్రాములు, సెకనుకు 240 మీటర్ల దగ్గర పోతా ఉంది, లెక్కేస్తే 15 జౌల్స్. ఇంకో మాట కూడా మొదటి రోజే చెప్పేసినా, పందులని నెమళ్ళని దీంతో కొట్టే ఆలోచన ఉంటే నా దగ్గరికి తేవొద్దు అని, అడవి జంతువుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం, పైగా ఈ పెల్లెట్ దెబ్బకి జంతువు చావకుండా గాయంతో నరకపడుతుంది. ఆయన అట్లాంటి మనిషి కాదు, పేపరే ఆయన సంతోషం.

స్కోప్ 3-9x40, అంటే 3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపించేది, ముందు లెన్సు 40 మిల్లీమీటర్లు, ఒక అంగుళం ట్యూబు, గురి సరిచేసే టర్రెట్ మరని ఒక క్లిక్ తిప్పితే పావు మినిట్ జరుగుతుంది, మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు కోణం, తూకం వేస్తే 410 గ్రాములు. డబ్బా మీద హంటింగ్ రైఫిల్ స్కోప్ అని ఉంది, పెద్ద తూటా రైఫిళ్ళ రీకాయిల్‌ని, అంటే కొట్టినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని, తట్టుకుంటుందని గట్టిగా రాసుంది. ఆయన కొన్నదే అది చూసి. "అంత పెద్ద తుపాకీకే తట్టుకునేది, ఈ గాలి తుపాకీ ఒక లెక్కా అన్నా?" అన్నాడు. నూటికి తొంభై మంది అనుకునేది ఇదే, ఈ కేసంతా ఆ ఒక్క అపోహ చుట్టూనే తిరిగింది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్తా.

తూటా రైఫిల్ కొట్టినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, స్కోప్ తన బరువు కొద్దీ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, స్కోప్‌ని తుపాకీకి బిగించే మౌంటు దాన్ని వెనక్కి లాక్కుపోతుంది. దెబ్బ గట్టిదే గానీ ఒక దిక్కు దెబ్బ. హంటింగ్ స్కోపు లోపల లెన్సులు, వాటిని పట్టుకునే రింగులు, ఎరెక్టర్ అనే లోపలి చిన్న ట్యూబు, ఇవన్నీ ఆ దిక్కు దెబ్బని కాచుకునేటట్టు కట్టి ఉంటారు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ పద్ధతి వేరు. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, దానికి తుపాకీ వెనక్కి కదులుతుంది, ఇంకా పెల్లెట్ బారెల్లో ఉండగానే పిస్టన్ ఎదర ఉన్న గాలి దిండుని గుద్దుకుని టక్కున ఆగుతుంది, ఆ ఆగడంతో తుపాకీ మొత్తం ముందుకి కొట్టుకుంటుంది. ఒక్క షాట్‌లో రెండు దెబ్బలు, ఒకటి అటు ఒకటి ఇటు, నడుమ మిల్లీసెకన్లే. భుజానికి ఇది పెద్దగా తెలియదు, మెత్తగానే ఉంటుంది, అందుకే మనుషులు మోసపోతారు. లోపల లెన్సుకి మాత్రం తెలుస్తుంది, వెనక్కి కాచుకున్న రింగు ముందుకి కాచుకోలేదు. పైగా వేట తుపాకీ ఏడాదికి కొట్టేది కొద్ది తూటాలు, ఈయన ఒక ఆదివారం పూట 150 పెల్లెట్లు కొడతాడు.

సరే, ఆగస్టు చివర మొదటిసారి వచ్చినప్పుడు చెప్పిన లక్షణాలు ఇవి. జీరో చేసినాక రెండు మూడు వందల పెల్లెట్లకి పేపర్ మీద పెల్లెట్లు పడే గుంపు కిందికి, కొంచెం ఎడమకి జారిపోతుంది, 20 మీటర్లలో దగ్గర దగ్గర 3 సెంటీమీటర్లు. సరిచేద్దామని క్లిక్కులు తిప్పితే ముందు ఏమీ కదలదు, రెండు మూడు షాట్లు కొట్టినాక ఒక్కసారిగా దూకుతుంది. 20 మీటర్లలో పావు మినిట్ క్లిక్ అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ కూడా లేదు, అంటే 3 సెంటీమీటర్లంటే 20 క్లిక్కుల తేడా. చిన్నదేం కాదు. ఆ రెండో లక్షణం, క్లిక్ తిప్పితే ఆలస్యంగా దూకడం, ఆయన నోటితోనే చెప్పినాడు, నేను రాసుకున్నా కూడా, రాసుకుని దాన్ని వదిలేసినా. అది వినంగానే స్కోప్ లోపల చూడాల్సింది.

ఎందుకు వదిలేసినానంటే బయట తప్పు అంత స్పష్టంగా కనబడింది. రెండు విడి రింగులతో 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ మీద, అంటే రైఫిల్ పైన ఉండే గాడి పట్టా మీద, బిగించి ఉంది, పట్టా మీద రింగు జారిన గీతలు తెల్లగా కనిపిస్తా ఉన్నాయి, వెనక రింగు 2 మిల్లీమీటర్లు, ముందు రింగు 1 మిల్లీమీటర్ వెనక్కి జారినాయి. తుపాకీ ముందుకి కొట్టుకున్నప్పుడల్లా స్కోప్ వెనకబడి పోతుంది కాబట్టి జారడం ఎప్పుడూ వెనక్కే. రెండూ ఒకే కొలత జారలేదంటే నడుమ ట్యూబుని లాగుతున్నాయని అర్థం. స్టాక్, అంటే తుపాకీని పట్టుకుని భుజానికి ఆనించే భాగం, దాని ముందు వైపు రెండు పక్కలా ఉండే స్క్రూలు చేత్తో తిరిగేంత వదులు. రింగుల కింద నూనె, తుప్పు పట్టకుండా ఆయనే పూసినాడంట. అన్నీ స్పిరిట్‌తో తుడిచి, కింద పిన్ ఉండే ఒకే ముక్క మౌంటు వేసి, ఆ పిన్ రైఫిల్ మీద ఉన్న గుంతలో కూర్చోబెట్టి, రింగు స్క్రూలు టార్క్ డ్రైవర్‌తో 2 న్యూటన్ మీటర్లకి బిగించి, స్టాక్ స్క్రూలకి అవి వదులు కాకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు పెట్టినా. మౌంటుకీ పట్టాకీ కలిపి, ట్యూబుకీ రింగుకీ కలిపి నెయిల్ పాలిష్‌తో సన్న గీత గీసినా, ఏది కదిలినా గీత విరిగి చెప్పేస్తుంది. ఈ గీత పద్ధతి పైసా ఖర్చు లేనిది, స్కోప్ ఉన్న ప్రతి ఒక్కరూ ఇవాళే గీసుకోండి. రింగులు బలంగా బిగిస్తే మంచిదని ఎల్-కీకి పైపు తొడిగి తిప్పేవాళ్ళని చూసినా, ట్యూబు నొక్కుకుపోయి లోపల ఎరెక్టర్ కదలకుండా పట్టేస్తుంది, బాగున్న స్కోపులు అట్లా పోయినాయి నా చేతికి రాకముందే.

30 పెల్లెట్లు కొట్టి చూసినాము, గుంపు కదల్లేదు, బాగైంది అని పంపేసినా. మూడు వందల పెల్లెట్లకి వచ్చే జబ్బుని 30 పెల్లెట్లతో నయమైందని ఎట్లా చెప్తారు? నేను చెప్పినా. ఆయన అంత దూరం నుంచి బస్సులో మళ్ళీ రావాల్సి వచ్చింది, అది నాకు ఇప్పటికీ బాధే.

సెప్టెంబర్ మూడో వారం మళ్ళీ వచ్చినాడు, 250 పెల్లెట్లకి 25 మిల్లీమీటర్లు కిందికి. నెయిల్ పాలిష్ గీతలు నాలుగూ ఎట్లున్నవి అట్లనే ఉన్నాయి. అంటే మౌంటు కదల్లేదు, ఇక రైఫిల్ అన్నా కావాలి, స్కోప్ అన్నా కావాలి. ఇది తేల్చే దారి ఒకటే, బాగుందని తెలిసిన ఇంకో స్కోప్‌ని అదే మౌంటులో పెట్టి కొట్టడం. నా దగ్గర స్ప్రింగర్‌కే, అంటే ఇట్లాంటి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కే, పనికొచ్చే చిన్న స్కోప్ ఒకటి ఉంది, పెట్టి 100 పెల్లెట్లు కొట్టించినా, చివరి 10 షాట్ల గుంపు 22 మిల్లీమీటర్లు, నడిబొడ్డు మొదట్లో ఎక్కడుందో అక్కడే. బారెల్ విరిగేచోట ఉండే పివట్ బోల్టు కూడా చూసినా, ఆట లేదు. రైఫిల్ నిర్దోషి. ఈ మార్పిడి పరీక్ష మొదటి రోజు చేసుంటే అరపూట పని.

అప్పుడు స్కోప్‌ని కొలిమేటర్ ముందు పెట్టినా. ఆటో లెవెల్స్ సరిచూసే కొలిమేటర్ మా అంగడిలో ఎప్పుడూ కట్టేసే ఉంటుంది, దాంట్లో చూస్తే అనంత దూరంలో ఉన్నట్టు ఒక క్రాస్‌హెయిర్, దానికి మినిట్ల గీతలు. స్కోప్‌ని వీ-బ్లాకులో గట్టిగా బిగించి దాని క్రాస్‌ని దీని క్రాస్ మీద పెట్టుకుంటే తుపాకీ లేదు, గాలి లేదు, కొట్టేవాడి చెయ్యి లేదు, స్కోప్ ఒక్కటే నోరు విప్పుతుంది. ముందు మొత్తం క్లిక్కులు లెక్కపెట్టినా, ఈ కొస నుంచి ఆ కొసకి 236. ఆయన జీరో ఎక్కడుందయ్యా అంటే పై కొస నుంచి 19 క్లిక్కుల దూరంలో. నడుమ 118 దగ్గర ఉండాల్సింది, దాదాపు పైకప్పుకి తగిలి కూర్చునుంది. అక్కడ పెట్టి చిన్న చెక్క సుత్తి పిడితో ట్యూబు మీద పదిసార్లు మెల్లగా తట్టినా, క్రాస్ 4 మినిట్లు జారిపోయింది, నా కళ్ళ ముందరే. 4 మినిట్లంటే 20 మీటర్లలో 23 మిల్లీమీటర్లు. ఆయన చెప్పిన 25కి, నేను బల్ల మీద చూసిన 23కి తేడా ఎంత చెప్పండి. స్కోప్‌ని నడుమకి తెచ్చి మళ్ళీ పది తట్లు తట్టినా, అర మినిట్ కూడా కదల్లేదు.

ఎందుకిట్లా అంటే లోపలి నిర్మాణం తెలియాలి. స్కోప్ ట్యూబు లోపల ఇంకో చిన్న ట్యూబు ఉంటుంది, ఎరెక్టర్ అంటారు, తలకిందులైన బొమ్మని నిలబెట్టే లెన్సులు దాంట్లో ఉంటాయి. కంటి వైపు దానికి ఒక కీలు, ముందు కొస గాల్లో ఆడుతా ఉంటుంది. ఆ కొసని పైనుంచి ఎలివేషన్ టర్రెట్ స్క్రూ, కుడి నుంచి విండేజ్ టర్రెట్ స్క్రూ నొక్కుతాయి, ఎదురుగా కింద ఎడమ మూల నుంచి ఒక స్ప్రింగు రేకు వాటికి అదిమి పట్టుకుంటుంది. మీరు పైకి క్లిక్కులు తిప్పే కొద్దీ స్క్రూ బయటికి పోతుంది, స్ప్రింగు సాగి పైకి లేస్తుంది, సాగే కొద్దీ దాని పట్టు సడలుతుంది. కొసకి పోయినాక ఎరెక్టర్‌కి ఆధారం అంటూ గట్టిగా లేదు, రెండు దిక్కుల దెబ్బ పడే కొద్దీ కిందికి ఒదుగుతుంది. స్ప్రింగు కింద ఎడమనే ఉంటుంది కాబట్టి జారడం కూడా కిందికి, ఎడమకి. ఆయన మొదటి రోజు చెప్పిన దిక్కు ఇదే. క్లిక్ తిప్పంగానే కదలక రెండు షాట్ల తరవాత దూకడం కూడా ఇందుకే, స్క్రూ వదిలింది గానీ స్ప్రింగుకి తోసే బలం లేదు, దెబ్బ తగిలినప్పుడు కదులుతుంది.

మరి జీరో కోసం అంత పైకి ఎందుకు పోవాల్సి వచ్చింది? బారెల్ విరిచే రైఫిళ్ళలో చాలావాటికి బారెల్ పట్టా గీతకన్నా కొంచెం కిందికి వాలి ఉంటుంది, కీలు దగ్గర బిగింపు అట్లా కుదురుతుంది, దీన్ని బారెల్ డ్రూప్ అంటారు. ఆ వాలుని స్కోప్ క్లిక్కులతో సరిచేస్తే క్లిక్కులు అయిపోతాయి. సరైన మందు వెనక వైపు ఎత్తుగా ఉండే డ్రూప్ మౌంటు. ఆయన చేతిలో ఆ రోజు డబ్బుల్లేవు, కాయ రేటు ఆ ఏడు ఏమీ బాగాలేదు. అందుకని పాత కెమెరా నెగటివ్ ఫిల్ము రెండు ముక్కలు కోసి వెనక రింగు అడుగున పరిచినా. ఒక్కొక్కటి మైక్రోమీటర్‌తో 0.13 మిల్లీమీటర్లు, రెండు కలిపి 0.26, రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు, లెక్కేస్తే దగ్గర దగ్గర 9 మినిట్లు, 36 క్లిక్కులు. పై కొస నుంచి 19లో ఉన్న జీరో 55కి వచ్చింది. రెండు ముక్కలకన్నా ఎక్కువ నేను పెట్టను, రింగులు వంకరగా పట్టుకుని ట్యూబే వంగుతుంది.

ఈసారి పంపేటప్పుడు బాగైంది అని చెప్పలేదు. ఒక నోటుబుక్కు ఇచ్చి, ప్రతి 100 పెల్లెట్లకి 5 షాట్లు నడిబొడ్డుకి కొట్టి ఆ పేపర్ మీద తేదీ, పొద్దున్నా సాయంత్రమా, ఎండ ఎట్లుందో రాయమన్నా. రాసినాడు, నిజంగా ఒక్కటి కూడా వదల్లేదు. 400 దాకా జారడం 7 మిల్లీమీటర్ల లోపే. ఆ తరవాత మళ్ళీ మొదలైంది.

నవంబర్ వానల్లో మూడోసారి వచ్చినప్పుడు కొత్త జబ్బు కూడా తెచ్చినాడు. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో చుట్టాల ఊరికి తీసుకుపోయినాడంట, పొద్దున చలికి స్కోప్ లోపల మంచు పట్టినట్టు తెల్లగా అయిపోయింది, బయట తుడిస్తే పోలేదు. మా తిరుపతి చిత్తూరు పక్క స్కోప్‌కి పరీక్ష కఠినంగా ఉంటుంది, మే నెలలో 42, 43 డిగ్రీలు, మూసిన కారులో ఇంకా ఎక్కువ, లోపలి గ్రీజు కరిగి లెన్సు మీద పొరలాగా పడుతుంది, అక్టోబర్ నుంచి ఈశాన్య రుతుపవనం తేమ, దాంతో ఫంగస్. 2021 నవంబర్ వరదలప్పుడు తడిసిన లెవెల్స్ ఎన్ని విప్పినానో నాకే తెలుసు, వారం ఆలస్యమైన ప్రతిదాంట్లో లెన్సు మీద సాలెగూడు లాగా ఫంగస్ అల్లుకోనుండింది. మంచి స్కోపు లోపల తేమ లేకుండా పొడి నైట్రోజన్ నింపి ఓ-రింగులతో, అంటే సన్న రబ్బరు రింగులతో, మూసి ఉంటారు, ఆ మూత ఎక్కడన్నా వదిలితే నైట్రోజన్ పోయి మన ఊరి గాలి లోపలికి చేరుతుంది, చలి తగలంగానే అదే ఆవిరి లెన్సు మీద కూర్చుంటుంది.

టర్రెట్ మూతలు పెట్టి, చేతికి వేడిగా తగిలే నీళ్ళలో, 45 డిగ్రీలు అనుకోండి, ముంచి పెట్టినా. లోపలి గాలి వేడికి పెరిగి దారి ఉన్నచోట బుడగలుగా వస్తుంది. విండేజ్ టర్రెట్ దగ్గర సన్న బుడగల దండ, ఆగకుండా. కొలిమేటర్ ముందు తట్టి చూస్తే ఈసారి నడుమ పెట్టినా కూడా 2 మినిట్లు కదిలింది. సెప్టెంబర్‌లో అర మినిట్ ఉన్నది ఇప్పుడు 2. ఇంక విప్పక తప్పదు, ఆయన్ని అడిగి, విప్పితే వారంటీ అంటూ ఏమన్నా ఉంటే పోతుందని చెప్పి, సరే అన్నాకే విప్పినా.

లోపల చూసింది చెప్తా. ఎరెక్టర్‌లో లెన్సుని పట్టుకునే మరల రింగు అర చుట్టు వదులైపోయుంది, చెవి దగ్గర ఊపితే లెన్సు టిక్కు టిక్కు అంటుంది. ఆ రింగుకి ఫ్యాక్టరీలో జిగురు చుక్క పెట్టిన జాడ లేదు. స్ప్రింగు రేకు వేలితో నొక్కితే మెత్తగా వంగి మెల్లగా లేస్తా ఉంది, దాని విల్లు పోయింది. కీలు చుట్టూ నల్లటి సన్న పొడి, అల్యూమినియం అల్యూమినియంతో రాసుకున్న పొడి, అది కొంత రెటికిల్ మీద, అంటే గురి చూసే క్రాస్ గీతల మీద, కూడా పడి ఉంది. విండేజ్ కింద ఓ-రింగు ఒకచోట చీలి ఉంది. అంటే ఆగస్టులో నేను చూసిన మౌంటు తప్పు నిజమే, స్ప్రింగు సడలడం నిజమే, వాటికి తోడు ఒక్కొక్క పెల్లెట్‌కి రెండు దెబ్బల చొప్పున లోపల మరలు వదులవుతానే వచ్చినాయి. మౌంటు ఎంత బాగా బిగిస్తే దెబ్బ అంత నేరుగా స్కోప్ లోపలికి పోతుంది కూడా, అది నేను అప్పుడు ఆలోచించలేదు.

రింగు బిగించి లాక్‌టైట్ పెట్టినా, ఓ-రింగు మార్చినా, పొడి తుడిచినా, వెల్డింగ్ గ్యాస్ అంగడి నుంచి నైట్రోజన్ సిలిండర్ తెచ్చి లోపల కడిగి మూసినా. స్ప్రింగు రేకుని మాత్రం వంచి విల్లు తెప్పించడం తాత్కాలికమే, అట్లాంటి రేకు విడిగా దొరకలేదు. ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి తీస్తే బయటే ఆవిరి, లోపల లేదు. అయినా ఆయనకి చెప్పేసినా, దీన్ని మళ్ళీ స్ప్రింగర్ మీద పెట్టొద్దు, మళ్ళీ మూడొందల పెల్లెట్లకి ఇదే కథ. ఆయన బామ్మర్దికి పీసీపీ రైఫిల్ ఉంది, అది నింపి పెట్టిన గాలితో పనిచేసేది, పిస్టన్ లేదు, రీకాయిల్ అంటూ దాదాపు లేదు, స్కోప్ దానికి పోయింది, ఇప్పటికీ బాగానే ఉంది.

కొత్త స్కోప్ కొనేటప్పుడు ఏం చూడాలని అడిగినాడు. పవర్ ఎంత, లెన్సు ఎంత పెద్దది అని చూడొద్దన్నా. తయారుచేసినవాళ్ళు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాతపూర్వకంగా చెప్పి ఉండాలి, అది మొదటిది, తక్కినవన్నీ దాని తరవాతే. బరువు తక్కువుండాలి, దెబ్బకి స్కోప్ తన బరువుతోనే తన మౌంటుని పీకుతుంది కదా. రెటికిల్ గాజు మీద చెక్కిందయితే మంచిది, సన్న తీగ రెటికిల్ అయితే తెగేది తీగే. ఇంకొకటి పారలాక్స్. పాత స్కోప్ 100 గజాలకి కట్టేసింది, హంటింగ్ స్కోపులు చాలావరకు అంతే, దాన్ని 20 మీటర్లలో వాడితే కన్ను నడుమ నుంచి పక్కకి జరిగినప్పుడు గురి కూడా జరుగుతుంది, 40 మిల్లీమీటర్ల లెన్సుకి లెక్క కట్టినా, కన్ను పూర్తిగా అంచుకి పోతే 15 మిల్లీమీటర్ల దాకా తప్పు వస్తుంది. ఆయన గుంపులు ఎప్పుడూ ఎందుకు అంత వెడల్పుగా ఉన్నాయో దాంట్లో కొంత జవాబు ఇది, చెంప ఒక్కోసారి ఒక్కోచోట ఆనుతుంది. కాబట్టి 10 గజాల నుంచి ఫోకస్ తిప్పుకునే రకం కావాలి.

డిసెంబర్‌లో అట్లాంటిది తెచ్చుకున్నాడు, 3-9x32, ముందు లెన్సు దగ్గర ఫోకస్ రింగు, 340 గ్రాములు. దానితోపాటు డ్రూప్ మౌంటు. పెట్టకముందే కొలిమేటర్ ముందు పెట్టినా, కొత్తదయినా సరే ఇప్పుడు నేను ఇది చెయ్యకుండా పంపను. పైకి 40, కుడికి 40, కిందికి 40, ఎడమకి 40 క్లిక్కులు తిప్పితే బయలుదేరినచోటికే వచ్చింది, అర క్లిక్ తేడాతో. తట్టి చూస్తే కదల్లేదు. జీరో చేసినాక లెక్కపెడితే నడుమ నుంచి 14 క్లిక్కుల దూరంలోనే ఉంది.

ఫిబ్రవరి చివరికి నోటుబుక్కులో 1,000 పెల్లెట్లు పూర్తయినాయి. పది పేపర్లలో నడిబొడ్డు అన్నిటికన్నా ఎక్కువ జరిగింది 6 మిల్లీమీటర్లు, అది కూడా ఆయన "మిట్టమధ్యాహ్నం, రైఫిల్ ఎండలో ఉండింది" అని రాసిన పేపర్‌లో, మర్నాడు పొద్దున కొట్టిన 5 మళ్ళీ పాత చోటే పడినాయి. నెయిల్ పాలిష్ గీతల్లో ముందు స్టాక్ స్క్రూది ఒక్కటి విరిగింది, 700 దగ్గర, మళ్ళీ బిగించి గీత గీసుకున్నాడు, ఈసారి నన్ను అడగకుండానే. మే నెల ఎండల్లో ఇంకో 500 కొట్టి, కోతలు అయినాక స్కోప్‌ని ఒకసారి వేడి నీళ్ళ పరీక్షకి, కొలిమేటర్‌కి తెస్తానన్నాడు. పాత స్కోపు స్ప్రింగు రేకు కొలతలు గీసి ఒక గడియారాల రిపేరు ఆయనకి ఇచ్చినా, స్ప్రింగు స్టీలుతో అట్లాంటిది చేయగలడేమో చూద్దామని, ఆయన రెండు రకాల మందం రేకులు కోసిచ్చినాడు, బామ్మర్ది ఒప్పుకుంటే ఆ స్కోప్‌లోనే పెట్టి చూడాలి.